సిగరెట్ కార్డులు

సిగరెట్ పెట్టెలో పెట్టి ఇచ్చిన చిన్న అట్ట బొమ్మలు. పలుచటి కాగితపు పెట్టె నలగకుండా చూడటం వీటి తొలి ప్రయోజనం. వరుస పూర్తి చేయాలన్న ఆశతో కొనేవాడు బ్రాండు మార్చకుండా చేయడం అసలు ప్రయోజనం.

అమెరికాలో: న్యూయార్క్‌కు చెందిన గుడ్‌విన్ కంపెనీ 1886 నుంచి 1890 వరకు ‘ఓల్డ్ జడ్జ్’ సిగరెట్లతో బేస్‌బాల్ ఆటగాళ్ల ఫొటో కార్డులు ఇచ్చింది. 1887లో రిచ్‌మండ్‌లోని అలెన్ అండ్ గింటర్ కంపెనీ 50 రంగుల కార్డులతో క్రీడావీరుల వరుసను వెలువరించింది. ముచ్చటైన ఆ వరుసలో 10 మంది బేస్‌బాల్ ఆటగాళ్లు. మిగిలినవారిలో మల్లయోధులు, బాక్సర్లు, పడవ పందేల వీరులు ఉన్నారు. 1890లో జేమ్స్ డ్యూక్ ప్రధాన కంపెనీలను కలిపి అమెరికన్ టొబాకో నెలకొల్పాడు. పోటీ సన్నగిల్లడంతో కార్డులూ తగ్గాయి. 1909-11లో అదే సంస్థ ఇచ్చిన టీ206 అనే బేస్‌బాల్ వరుసలో ఐదు వందలకు పైగా కార్డులున్నాయి. అందులో ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు అతని అభ్యంతరంతో త్వరగా ఆగిపోయింది. పొగాకు ప్రచారం ఇష్టం లేకనని కొందరు, డబ్బు ఇవ్వనందుకని కొందరు అంటారు. 2022లో ఒక ప్రతి 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

భారతదేశంలో: డ్యూక్ సంస్థ, బ్రిటన్ ఇంపీరియల్ టొబాకో కలిసి 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకోను స్థాపించాయి. బ్రిటన్‌లో విల్స్ కంపెనీ 1896లోనే 50 మంది క్రికెటర్ల వరుస ఇచ్చింది. భారతదేశంలో దేవుళ్లూ కార్డులపైకి వచ్చారు: బ్రిటిష్ అమెరికన్ టొబాకోకు చెందిన పెనిన్సులార్ టొబాకో కంపెనీ 1909లో 25 కార్డులపై హిందూ దేవతలను అచ్చువేసింది. సైనికుల్లో బాగా చెల్లిన విల్స్ ‘సిజర్స్’ బ్రాండు 1912లో భారతీయ సైనిక దళాల వరుస ఇచ్చింది.

బెంగళూరులో: పెనిన్సులార్ కంపెనీ బెంగళూరులో సిగరెట్ కర్మాగారం కట్టింది. 1912లో గుంటూరులో ఆకు కొనుగోలు, శుద్ధి కోసం ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. ఈ వ్యాపారాలే తరువాత, భారత్‌లో విల్స్ సిగరెట్లు అమ్మే ఐటీసీలో కలిశాయి.

తరువాతి కాలం: రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కొరత వల్ల 1940లో బ్రిటన్‌లో కార్డులు నిలిచిపోయాయి. భారతదేశంలో పొగాకు ప్రచారం క్రికెట్ మైదానానికి చేరింది. 1977-78లో విల్స్ ట్రోఫీ మొదలైంది. 1996 ప్రపంచ కప్పు ‘విల్స్’ పేరిటే జరిగింది. మార్చి 9న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో క్వార్టర్ ఫైనల్‌లో భారత్ 39 పరుగులతో పాకిస్థాన్‌ను ఓడించింది. 2001లో ఐటీసీ క్రికెట్ స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకుంది. 2003 చట్టం పొగాకు ప్రకటనలను, స్పాన్సర్‌షిప్‌ను నిషేధించింది. 2016 నుంచి పెట్టెపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ తప్పనిసరి అయింది. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.