హెల్మెట్: వెనుక కూర్చున్నవారికీ అదే ముప్పు, అదే రక్షణ

ద్విచక్ర వాహనంపై వెళ్లేవారికి, రహదారికి మధ్య అడ్డుగా ఉండేది వారు ఒంటిపై ధరించినవి మాత్రమే. కారులో ఉండే ఉక్కు చట్రం, సీటు బెల్టు, ఎయిర్ బ్యాగులు వంటి ఏర్పాట్లు మోటారు సైకిల్‌పై ఉండవు. రెండు చక్రాలపై నిలదొక్కుకునే వాహనం కనుక కాస్త ఇసుక, ఆయిల్ మరక, గుంత వంటివి కూడా దానిని అదుపు తప్పించగలవు.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. మృతుల్లో 74,897 మంది, అంటే దాదాపు 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ ప్రాణాలు కోల్పోయినవారు 50,029 మంది. వీరిలో వాహనం నడిపినవారు 35,692 మంది కాగా, వెనుక కూర్చున్నవారు 14,337 మంది.

హెల్మెట్ ఉంటే వీరందరూ బతికి ఉండేవారని ఈ అంకెల అర్థం కాదు. ఛాతీకి, పొట్టకు తగిలే గాయాలను హెల్మెట్ ఆపలేదు. ప్రమాదాన్నీ నివారించలేదు. తలకు తగిలే దెబ్బ తీవ్రతను తగ్గించడమే దాని పని.

హెల్మెట్ ఎలా కాపాడుతుంది?

వేగంగా వెళ్లేవారికే హెల్మెట్ అవసరమన్న భావన సరికాదు. సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి కింద పడిన తల నేలను తాకే వేళకు గంటకు 20 కిలోమీటర్లకు దగ్గరి వేగాన్ని అందుకుంటుంది. ఆగి ఉన్న బండి మీద నుంచి పడినా ఈ లెక్క మారదు. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది.

హెల్మెట్ పైపెంకు దెబ్బను విశాలమైన భాగానికి పంచుతుంది. గట్టి వస్తువు లోపలికి చొచ్చుకురాకుండా అడ్డుకుంటుంది. దాని లోపల థర్మాకోల్‌ను పోలిన దట్టమైన పొర ఉంటుంది. దెబ్బ తగిలిన క్షణంలో అది నలిగిపోతూ శక్తిని తనలో ఇముడ్చుకుంటుంది. తల ఒక్కసారిగా కాకుండా, ఆ పొర నలిగే కొద్ది దూరంలో, కొద్ది సమయంలో ఆగుతుంది. మెదడుకు దక్కే రక్షణ అదే. ఒకసారి నలిగిన పొర మళ్లీ మునుపటిలా పనిచేయదు. అందువల్ల ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్‌ను, బయటికి పగుళ్లు కనిపించకపోయినా, మార్చవలసిందే.

హెల్మెట్ల వల్ల మరణ ముప్పు సుమారు 42 శాతం, తల గాయాల ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయని పలు దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష 2008లో తేల్చింది.

ఈ అవగాహనకు పునాది వేసినవారిలో నాడీ శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ముఖ్యుడు. 1935లో మోటారు సైకిల్ ప్రమాదంలో గాయపడి మరణించిన టి.ఇ. లారెన్స్‌కు చికిత్స చేసిన వైద్యుల్లో ఆయన ఒకరు. మోటారు సైకిలిస్టుల తల గాయాలపై ఆయన అధ్యయనం 1941లో వెలువడింది.

చట్టం ఏమంటోంది?

హెల్మెట్ నిర్బంధం వ్యక్తి స్వేచ్ఛకు భంగకరమన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహన నిబంధనలపై దాఖలైన పిటిషన్‌ను 1988లో న్యాయస్థానం తోసిపుచ్చింది.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, వాహనం నడిపినా, వెనుక కూర్చున్నా హెల్మెట్ ధరించాలి. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఉంది. హెల్మెట్‌ను పట్టీతో తలకు గట్టిగా బిగించుకోవాలని కూడా ఇదే సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘిస్తే 194డి సెక్షన్ కింద రూ.1,000 జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుపై అనర్హత వర్తిస్తాయి. వెనుక కూర్చున్నవారికి హెల్మెట్ లేకున్నా బాధ్యత వాహనం నడిపేవారిదే.

తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల విషయంలో 2023 ఫిబ్రవరి 15 నుంచి ప్రత్యేక నిబంధనలు అమల్లోకి వచ్చాయి. బిడ్డను పెద్దవారితో కలిపి కట్టి ఉంచే భద్రతా పట్టీ, తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు.

ఎంపికలో జాగ్రత్తలు

భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారం తయారై, ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్లనే దేశంలో విక్రయించాలన్న నిబంధన 2021 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. నిర్మాణ కార్మికుల టోపీలు, క్రికెట్ హెల్మెట్లు ఇందుకు ప్రత్యామ్నాయం కావు.

హెల్మెట్ తలకు బిగుతుగా అమరాలి. పట్టీ బిగించాక తలను అటూ ఇటూ తిప్పితే విడిగా కదలకూడదు. వెనుక నుంచి ముందుకు తోసినా ఊడిరాకూడదు. పట్టీ పెట్టుకోని హెల్మెట్ తొలి దెబ్బకే ఎగిరిపడి, రెండో దెబ్బకు తలను వదిలేస్తుంది. గడ్డాన్ని కూడా కప్పే హెల్మెట్ ముఖానికీ రక్షణ ఇస్తుంది.

పడిపోతున్న మనిషి అసంకల్పితంగా ముందు చేతులు ఆనిస్తాడు కాబట్టి గ్లవుజులు ఉపయోగకరం. మందపాటి జాకెట్, చీలమండను కప్పే బూట్లు చర్మం గీసుకుపోకుండా కాపాడతాయి. చీర కొంగు, చున్నీ వెనుక చక్రంలో చిక్కుకోవడం మన దేశంలో తరచూ ఎదురయ్యే మరో ముప్పు. వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే కవచం, వెనుకవారు పట్టుకునే పిడి, కాళ్లు ఆనించే ఏర్పాటు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన నిర్దేశిస్తోంది. వాహనం కొన్న తర్వాత వీటిని తొలగించరాదు.

ప్రమాదం జరిగినప్పుడు క్షతగాత్రుల తల నుంచి హెల్మెట్‌ను ఆదరాబాదరాగా లాగితే మెడ ఎముకలకు హాని కలగవచ్చు. శ్వాసకు అడ్డు లేనంతవరకు దానిని అలాగే ఉంచి, 108కి ఫోన్ చేయాలి.

వీధి చివరి దుకాణానికే కదా అని బయలుదేరే ప్రయాణానికీ, వెనుక ఎవరో ఒకరు ఎక్కే ప్రతి ప్రయాణానికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. బండి కొనేటప్పుడే రెండో హెల్మెట్‌నూ, ఇంట్లో పిల్లలుంటే వారి కొలతకు తగినదాన్నీ కొనడం మేలు.