ఖాళీ అయిన చోటు: టైట్ ఎండ్ వేటలో అరవై ఏళ్లు

టైట్ ఎండ్ చేసే పనిలో సగానికి లెక్కలో చోటు లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడికి దిగే పదకొండు మందిలో అయిదుగురు వరుసగా నిలబడి ప్రత్యర్థుల్ని అడ్డుకుంటారు. ఆ వరుస చివర, పక్కవాడికి దగ్గరగా నిలబడేవాడే టైట్ ఎండ్. ఒక ఆటలో తానూ అడ్డుకుంటాడు, మరో ఆటలో అదే చోటి నుంచి పరుగెత్తి బంతి పట్టుకుంటాడు. మ్యాచ్ మొత్తం మైదానంలోనే ఉండి, ఒళ్లు హూనమయ్యేలా ప్రత్యర్థుల్ని ఆపి, గెలుపుకు కారణమైన టైట్ ఎండ్‌కు, నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని వాళ్ల ఆటకు పాయింట్లు లెక్కేసే ఫాంటసీ లీగులో వచ్చేది సున్నా. అక్కడ పాయింట్లు గజాలకు, టచ్‌డౌన్లకు, చాలా లీగుల్లో క్యాచ్‌లకు. అడ్డుకున్నందుకు ఏమీ రాదు. అందుకే ఈ స్థానంలో మంచి ఆటగాళ్లు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోతారు. ఎవరూ పట్టించుకోని అలాంటివాణ్ణి చివరి రౌండ్లలో తీసుకుంటే, అతడు ఆ ఏడాది చెలరేగితే, అతడే స్లీపర్. ఫాంటసీ ఆడేవాళ్లకు ఇంతకంటే పెద్ద ఆనందం లేదని నా నమ్మకం.

డ్రీమ్11 అలవాటైన మన పాఠకులకు ఇక్కడొక తేడా చెప్పాలి. అక్కడ విరాట్ కోహ్లీని లక్షల మంది ఒకేసారి తమ జట్టులోకి తీసుకోవచ్చు. అమెరికాలో స్నేహితులు, సహోద్యోగులు కలిసి నడిపే లీగులో ఒక ఆటగాడు ఒక్కరి సొత్తే. పది పన్నెండు మంది వంతులవారీగా ఎంచుకుంటూ పోతారు. ఆ ఎంపికే డ్రాఫ్ట్, అందులో ఒక్కో చుట్టు ఒక్కో రౌండు. ఒకరు తీసేసుకున్న పేరు మిగతావాళ్లకు సీజన్ అంతా దక్కదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు ఆగస్టు వచ్చేసరికి ఆఫీసు లీగు నుంచి పిలుపు వస్తుంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఎవరో, బంతి పట్టుకుని పరుగెత్తేవాడెవరో నాలుగు మ్యాచ్‌లు చూస్తే తెలిసిపోతుంది. టైట్ ఎండ్ దగ్గరికి వచ్చేసరికి అనుభవజ్ఞులు కూడా తడబడతారు.

ఈ ఫాంటసీ ఫుట్‌బాల్ పుట్టింది 1962లో. ఓక్లాండ్ రైడర్స్ జట్టులో చిన్న వాటాదారు బిల్ వింకెన్‌బాక్ జట్టుతోపాటు తూర్పు తీరానికి వెళ్లాడు. న్యూయార్క్‌లోని ఒక హోటల్లో, జట్టు ప్రచారం చూసే బిల్ టనెల్, ఓక్లాండ్ ట్రిబ్యూన్ విలేఖరి స్కాటీ స్టర్లింగ్ అతడితో కలిసి కూర్చుని నియమాలు రాశారు. మరుసటి ఏడాది ఆగస్టులో వింకెన్‌బాక్ ఇంట్లో ఎనిమిది జట్లతో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. మొదట ఎంపికైనవాడు క్వార్టర్‌బ్యాక్ జార్జ్ బ్లాండా. ఆ లీగులో టైట్ ఎండ్‌కు వేరే స్థానం లేదు. వరుస చివర నిలబడేవాళ్లంతా ఒకే గంపలో ‘ఎండ్’లు. పాయింట్లన్నీ స్కోరు చేసినందుకే కాబట్టి అడ్డుకోవడమే ప్రధానంగా పెట్టుకున్నవాణ్ణి ఎంచుకోవాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

నిజానికి అప్పటికే ఆ స్థానం ఏం చేయగలదో ఒకడు చూపించేశాడు. 1961లో షికాగో బేర్స్‌లో అడుగుపెట్టిన మైక్ డిట్కా తొలి సీజన్లోనే 56 క్యాచ్‌లు, 1,076 గజాలు, 12 టచ్‌డౌన్లు సాధించాడు. తొలి ఏడాది టైట్ ఎండ్ సాధించిన గజాల్లో ఆ రికార్డు అరవై మూడేళ్లు నిలిచింది. డిట్కా తర్వాత బాల్టిమోర్‌లో జాన్ మాకీ లాంటివాళ్లు వచ్చినా, చాలా మంది కోచ్‌ల దృష్టిలో టైట్ ఎండ్ అదనపు లైన్‌మనే.

మార్పు 1978లో వచ్చింది. బంతి కోసం పరుగెత్తేవాణ్ణి అయిదు గజాలు దాటాక ముట్టుకోకూడదని, ఈ జట్లన్నీ ఆడే లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ నియమం తెచ్చింది. మైదానం మధ్యలో పరుగెత్తేవాడికి ఊపిరాడింది. అదే ఏడాది శాన్ డియెగో చార్జర్స్ పగ్గాలు చేపట్టిన కోచ్ డాన్ కోరియెల్, మరుసటి ఏడాది వచ్చిన కెలెన్ విన్స్‌లోను వరుస చివర నిలబెట్టి ఊరుకోలేదు. కదిలించాడు, పక్కకు జరిపాడు, పాస్‌లు పట్టడమే పనిగా ఉండే వైడ్ రిసీవర్‌లా దూరంగా నిలబెట్టాడు. ప్రత్యర్థి రక్షణలోని లైన్‌బ్యాకర్ వెంటపడితే విన్స్‌లో వేగం అందదు, సేఫ్టీ అడ్డం వస్తే ఒడ్డూ పొడుగూ చాలవు. 1980లో 89 క్యాచ్‌లతో, ఆ మరుసటి ఏడాది 88తో లీగు మొత్తంలో అతడే ముందున్నాడు.

స్లీపర్ చరిత్రలో నేను విన్స్‌లో కంటే ముందు తలుచుకునే పేరు టాడ్ క్రిస్టెన్సెన్. 1978లో డల్లాస్ అతణ్ణి ఫుల్‌బ్యాక్‌గా తీసుకుంది, తర్వాత టైట్ ఎండ్‌గా మారమంది. అతడు ఒప్పుకోలేదు, జట్టు వదిలేసింది. రైడర్స్‌కు చేరాక కొన్నేళ్లు కిక్‌ల సమయంలో దిగే ప్రత్యేక జట్లలో తిరిగి, చివరికి టైట్ ఎండ్ స్థానంలోనే కుదురుకున్నాడు. 1983లో 92 క్యాచ్‌లు, 1986లో 95. ప్రతిభ మొదటి నుంచీ ఉంది, దానికి తగిన చోటు దొరకడానికి అయిదేళ్లు పట్టింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లూ ఇదే కథ. 1990లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏడో రౌండులో డెన్వర్ తీసుకున్న షానన్ షార్ప్ వైడ్ రిసీవర్‌గా మొదలుపెట్టాడు. 1991లో అయిదో రౌండులో న్యూ ఇంగ్లండ్‌కు వచ్చిన బెన్ కోట్స్ మూడేళ్లకు 96 క్యాచ్‌ల రికార్డు పెట్టాడు.

2003లో ఆంటోనియో గేట్స్ వచ్చాడు. కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ఆడాడు, కాలేజీ ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. చార్జర్స్ చేర్చుకున్న మొదటి ఏడాది 24 క్యాచ్‌లు, రెండో ఏడాది 81 క్యాచ్‌లు, 13 టచ్‌డౌన్లు. ఆ వేసవిలో అతణ్ణి దాదాపు ఊరికే దక్కించుకున్నవాళ్లు ఆ సీజన్‌ను ఇప్పటికీ చెప్పుకుంటారు. దాంతో బాస్కెట్‌బాల్ మోజు పట్టుకుంది. ఎత్తుగా ఉండి, కోర్టులో ఆడినవాడైతే చాలు, అతడే తర్వాతి గేట్స్ అని ఊహాగానాలు. ఆ మోజులో డ్రాఫ్టులు పాడుచేసుకున్నవాళ్లు తక్కువమంది కాదు. ఎత్తు ఉన్నంత మాత్రాన బంతి రాదు కదా!

బంతి ఎప్పుడు వస్తుందో ఒక గొలుసు చూపిస్తుంది. పెద్ద పేర్ల మధ్య ఎవరూ దీన్ని ఒకచోట చేర్చి చెప్పరు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. 2010లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జిమ్మీ గ్రాహమ్‌ను మూడో రౌండులో తీసుకుంది. అతడూ బాస్కెట్‌బాల్ ఆటగాడే, కాలేజీలో ఫుట్‌బాల్ ఆడింది ఒక్క ఏడాది. ఆ సీజన్లో అతడి ముందు జెరెమీ షాకీ ఉన్నాడు. 2011 ఫిబ్రవరిలో జట్టు షాకీని వదిలేసింది. ఆ ఏడాది గ్రాహమ్ 99 క్యాచ్‌లు, 1,310 గజాలు. 2015లో గ్రాహమ్‌ను సియాటిల్‌కు ఇచ్చేశారు. ఆ చోటులోకి వచ్చినవాడు బెన్ వాట్సన్. 34 ఏళ్ల వయసులో, ఎవరూ పట్టించుకోని స్థితిలో 74 క్యాచ్‌లు, 825 గజాలు. ఈ వాట్సనే 2013లో క్లీవ్‌లాండ్ వదిలి వచ్చినప్పుడు అక్కడి ఖాళీలో జోర్డన్ కామెరాన్ 80 క్యాచ్‌లు పట్టాడు. కామెరాన్ 2015లో మయామీకి వెళ్లిపోతే క్లీవ్‌లాండ్‌లో అతడి చోటు గ్యారీ బార్నిడ్జ్‌కు దక్కింది. అంతకు ముందు ఒక్క సీజన్లో కూడా పేరు వినిపించని బార్నిడ్జ్ ముప్పయ్యో ఏట 79 క్యాచ్‌లు, 1,043 గజాలు, 9 టచ్‌డౌన్లు సాధించాడు. అయిదేళ్లలో, రెండు ఊళ్లలో నలుగురు. కొందరు యువకులు, కొందరు వయసు మళ్లినవాళ్లు. నలుగురికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. తమ ముందున్నవాడు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూడా ఇదే దారి. 2018లో రైడర్స్‌కు 896 గజాలు సాధించిపెట్టిన జారెడ్ కుక్ మరుసటి ఏడాది వెళ్లిపోయాడు. ఆ ఏడాది సెప్టెంబరులో జట్టు రిసీవర్ ఆంటోనియో బ్రౌన్‌ను కూడా వదులుకుంది. ఆ ఖాళీలోకి వచ్చినవాడు డారెన్ వాలర్. ఆరో రౌండులో వైడ్ రిసీవర్‌గా వచ్చి, మాదకద్రవ్యాల కారణంగా 2017 సీజన్ అంతా నిషేధానికి గురై, ఆ వ్యసనం నుంచి బయటపడి, బాల్టిమోర్ ప్రాక్టీస్ జట్టులో ఉన్నవాణ్ణి రైడర్స్ తెచ్చుకుంది. 2019లో 90 క్యాచ్‌లు, 1,145 గజాలు. ఈ స్థానం చరిత్రలో నాకు అత్యంత గౌరవం కలిగించే సీజన్ అదే. 2022లో డెట్రాయిట్ టి.జె. హాకెన్సన్‌ను మిన్నెసోటాకు ఇచ్చేసింది. అక్కడికి 2023లో రెండో రౌండులో వచ్చిన సామ్ లాపోర్టా తొలి ఏడాదే 86 క్యాచ్‌లు, 10 టచ్‌డౌన్లు సాధించాడు.

ఖాళీ ఉంటే చాలదని కూడా ఇదే చరిత్ర చెబుతుంది. 2013 సీజన్ తర్వాత అట్లాంటా టైట్ ఎండ్ టోనీ గొంజాలెజ్ రిటైరయ్యాడు. అంతకంటే పెద్ద ఖాళీ ఇంకేముంటుంది? అతడి చోటు తీసుకున్న లెవీన్ టొయిలోలో నిలువెత్తు మనిషే. కానీ అతడి బలం అడ్డుకోవడంలో. గొంజాలెజ్ వైపు వచ్చే బంతులు జూలియో జోన్స్ లాంటి రిసీవర్లకు మళ్లాయి. వెళ్లినవాడు చేసిన పని వచ్చినవాడు చేస్తాడా లేదా అన్నది చూడకపోతే ఖాళీ మోసం చేస్తుంది. చూసే పద్ధతీ పెద్ద కష్టం కాదు. క్వార్టర్‌బ్యాక్ పాస్ వేయడానికి వెనక్కి తగ్గిన ఆటల్లో అతడు ఎన్నిసార్లు పరుగెత్తాడు, ఎన్నిసార్లు నిలబడి అడ్డుకున్నాడు అన్న లెక్క ఇప్పుడు అందరికీ దొరుకుతుంది. పరుగెత్తనివాడికి బంతి రాదు.

టచ్‌డౌన్లను చూసి మురిసిపోవడం రెండో ప్రమాదం. మొదటి రెండేళ్లలో ఒక్క క్యాచే పట్టిన జూలియస్ థామస్ 2013లో డెన్వర్‌లో 12 టచ్‌డౌన్లు చేశాడు. అది క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 55 టచ్‌డౌన్ పాస్‌లు వేసిన ఏడాది, లీగు చరిత్రలో ఏ జట్టూ చేయనన్ని పాయింట్లు డెన్వర్ చేసిన ఏడాది. మరుసటి ఏడాదీ 12 వచ్చాయి. ఆపై పెద్ద ఒప్పందంతో జాక్సన్‌విల్‌కు వెళ్లిన ఏడాది అయిదుకు పడిపోయాయి. 2020లో గ్రీన్ బేలో రాబర్ట్ టోన్యన్ 52 క్యాచ్‌లలోనే 11 టచ్‌డౌన్లు చేశాడు. మరుసటి ఏడాది ఎనిమిది మ్యాచ్‌లలో రెండు, ఆ తర్వాత మోకాలి గాయం. గోల్ గీత దగ్గర వచ్చే ఆ కొద్దిపాటి బంతులు క్వార్టర్‌బ్యాక్ దయ, జట్టు దయ. వాలర్ 2019లో చేసింది మూడు టచ్‌డౌన్లే. 2018లో జార్జ్ కిటిల్ 1,377 గజాలు సాధించినా టచ్‌డౌన్లు అయిదే. అతడి వైపు బంతి వేసింది కూడా ఎక్కువగా ప్రత్యామ్నాయ క్వార్టర్‌బ్యాకులే, అసలువాడు మూడో వారంలోనే గాయపడ్డాడు. నిలిచినవాళ్లు క్యాచ్‌లు సంపాదించినవాళ్లే.

ఆ కిటిల్ అయిదో రౌండువాడు, 146వ ఎంపిక. అయోవా కాలేజీలో ఉన్నన్నాళ్లూ పట్టిన క్యాచ్‌లు యాభై లోపే. ట్రావిస్ కెల్సీ 2013లో మూడో రౌండు, మొదటి ఏడాది మోకాలి శస్త్రచికిత్సతో పోయింది. 2014 వేసవిలో అతడు స్లీపర్. 2016 నుంచి 2022 దాకా వరుసగా ఏడేళ్లు వెయ్యి గజాలు దాటాడు. 2018లో బాల్టిమోర్ హేడెన్ హర్స్ట్‌ను మొదటి రౌండులో, మార్క్ ఆండ్రూస్‌ను మూడో రౌండులో తీసుకుంది. 2019లో పది టచ్‌డౌన్లు చేసినవాడు ఆండ్రూస్. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు పెట్టిన ధరను నమ్మి ఈ స్థానంలో ఎంచుకున్నవాళ్లు తరచూ నష్టపోయారు.

ఈ మధ్య పరిస్థితి మారుతోంది. తొలి ఏడాది టైట్ ఎండ్‌ను నమ్మకూడదన్నది ఫాంటసీ పెద్దల పాత మాట. నేర్చుకోవాల్సింది ఎక్కువ కాబట్టి ఆ మాటలో నిజం ఉండేది. లాపోర్టా దాన్ని కదిలించాడు, 2024లో బ్రాక్ బవర్స్ దాదాపు పడగొట్టాడు. 112 క్యాచ్‌లు, 1,194 గజాలు. డిట్కా రికార్డు చెరిగింది కూడా అప్పుడే. అందుకే ఇప్పుడు మొదటి రౌండు యువకులకు ధర బాగా పెరిగింది, వాళ్లలో స్లీపర్లను వెతకడం వృథా. వెతకాల్సిన చోటు మళ్లీ పాతదే. 2024లో జాన్ను స్మిత్ తన నాలుగో జట్టు మయామీలో 88 క్యాచ్‌లు, 884 గజాలు, 8 టచ్‌డౌన్లు సాధించాడు. సీజన్ తొలి వారాల్లో అతడి పేరు పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి చివరి రెండు రౌండ్లలో ఇద్దరు టైట్ ఎండ్లను తీసుకోమంటాను. ఒకడు తన ముందున్నవాడు వేసవిలోనే వెళ్లిపోయినవాడు. అతడికి మూడు వారాలు గడువిస్తే చాలు, పరుగెత్తించడం లేదనుకుంటే వదిలేయాలి. రెండోవాడు వయసు మళ్లిన టైట్ ఎండ్ వెనక కూర్చున్న రెండో మూడో ఏడాది కుర్రాడు. ఇతడి విషయంలో ఓపిక ఎక్కువ కావాలి. అరిజోనాలో ట్రే మెక్‌బ్రైడ్ 2022లో రెండో రౌండులో వచ్చి జాక్ ఎర్ట్జ్ వెనక నిలబడ్డాడు, తొలి ఏడాది 29 క్యాచ్‌లు. 2023 అక్టోబరులో ఎర్ట్జ్ గాయపడ్డాడు. ఆ వెంటనే ఆడిన మ్యాచ్‌లో బాల్టిమోర్ మీద మెక్‌బ్రైడ్ పది క్యాచ్‌లు పట్టాడు, సీజన్ ముగిసేసరికి 81, మరుసటి ఏడాది 111. అక్టోబరు దాకా అతణ్ణి బెంచీ మీద మోసినవాళ్లకు ఆ సీజన్లో మిగిలిన వారాల్లో టైట్ ఎండ్ కోసం ఇంకొకరిని వెతకాల్సిన పని పడలేదు.