అలిసింది కరుణేనా?

1970ల తొలినాళ్ళ న్యూయార్క్. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త పగలంతా సొంత ప్రాక్టీసు చూసుకునేవాడు. చీకటి పడ్డాక ఈస్ట్ విలేజ్‌లోని సెయింట్ మార్క్స్ ఉచిత క్లినిక్‌కు వెళ్ళి, మత్తుమందులకు బానిసలైన కుర్రాళ్ళ మధ్య అర్ధరాత్రి దాటేదాకా కూర్చునేవాడు. చిన్నతనంలో నాజీల జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన మనిషికి ఊరికే కూర్చోవడం చేతకాలేదేమో, అది నా ఊహ.

కుటుంబంతో సెలవులకు బయల్దేరాల్సిన రోజు వచ్చింది. ఆయన మంచం దిగలేకపోయాడు. తర్వాత ఒక టేపు రికార్డరు తెచ్చుకుని తన గోడు దానికి చెప్పుకున్నాడు. ఆ టేపును మళ్ళీ పెట్టి, ఎదురుగా ఎవరో రోగి మాట్లాడుతున్నట్టు విన్నాడు. అలసట ఉంటుందని తెలుసు. దాని అడుగున అంత కోపం ఉంటుందని అనుకోలేదు.

ఆ స్థితికి పేరు కోసం ఆయన నిఘంటువులు వెతకలేదు. మత్తుమందులు పీల్చి పిప్పి చేసినవాళ్ళను ఆ వీధుల్లో ‘బర్నౌట్’ అనేవారు. రోగుల మాటనే తనకూ తోటివాళ్ళకూ తగిలించి 1974లో ఒక వ్యాసం రాశాడు. ఎంతకీ వదలని జలుబు, తరచూ తలనొప్పి, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే చిర్రెత్తడం: గుర్తులన్నీ ఒంటి భాషలో ఉన్నాయి. గంటలు పెరుగుతూ పని తరుగుతూ ఉండటం మరో గుర్తు. చేరిన ఏడాదికల్లా ఇది మొదలవుతుందని కూడా రాశాడు.

అదే కాలంలో కాలిఫోర్నియాలో క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వవేత్త కూడా సేవావృత్తుల వాళ్ళతో మాట్లాడుతోంది. తను గమనించినది ఒక లాయరుకు చెబితే, పేదల కేసులు వాదించే తమవాళ్ళు దాన్ని బర్నౌట్ అంటారని ఆయన అన్నాడు! 1981లో సూసన్ జాక్సన్‌తో కలిసి ఆమె రూపొందించిన కొలమానంలో అలసట ఒక భాగమే. మనిషిని మనిషిగా చూడలేకపోవడం రెండోది. వార్డులో పేషెంటు పేరు మరుగునపడి ‘పన్నెండో నంబరు బెడ్’ మాత్రమే మిగిలితే ఆ గుర్తు కనిపించినట్టే. ‘నేనేం చేశాను గనక’ అన్న నిస్పృహ మూడోది.

అయితే బర్నౌట్ ఏ ఆఫీసులోనైనా వస్తుంది. ఎదుటివాళ్ళ బాధ చూసి చూసి కలిగేది వేరని నర్సులకు తెలుసు. 1992లో కార్లా జాయిన్సన్ అత్యవసర విభాగం నర్సుల గురించి రాస్తూ దాన్ని ‘కంపాషన్ ఫెటీగ్’ అంది, అంటే కరుణ అలిసిపోవడం. వియత్నాంలో మెరీన్‌గా పనిచేసి వచ్చిన చార్లెస్ ఫిగ్లీ 1995లో ఆ పేరుతోనే పుస్తకం తెచ్చాడు. దెబ్బ తిన్నవాడి కథ వినే మనిషికీ ఆ దెబ్బ అంటుతుందన్నది ఆయన వాదన. పేరు నిలిచిపోయింది.

ఆ పేరు సరైనదేనా అన్న అనుమానం ఒక స్కానర్‌లో పుట్టింది. 2007లో నెదర్లాండ్స్‌లోని మాస్‌ట్రిక్ట్‌లో మత్యూ రికార్ అనే బౌద్ధ భిక్షువు ఎమ్మారై యంత్రంలో పడుకున్నాడు. సన్యసించకముందు పాస్టర్ సంస్థలో జన్యుశాస్త్రంలో డాక్టరేట్ చేసినవాడు. ఆ ప్రయోగం చేస్తున్న శాస్త్రవేత్త తానియా సింగర్ ఆయన్ని అడిగింది ఒక్కటే: ప్రేమ, కరుణ పక్కన పెట్టి ఎదుటివాళ్ళ బాధను మాత్రం పంచుకోమని. రుమేనియాలో బతికీ బతకనట్టున్న పిల్లల మీద ముందు రోజు చూసిన డాక్యుమెంటరీని ఆయన తలచుకున్నాడు. దాదాపు గంట గడిచేసరికి ఒంట్లో సత్తువ పోయింది. ఆపేస్తారా, కరుణ ధ్యానం చేస్తారా అంటే క్షణం తటపటాయించకుండా రెండోదే కోరుకున్నాడు. ఆ పిల్లలే, ఆ బాధే. కానీ ఈసారి మనసు వాళ్ళ దగ్గరికి నడిచింది, అలసట తేలికపడింది.

ధ్యానంలో పండిపోయిన ఒక్క మనిషి అనుభవం ఏం రుజువు చేస్తుంది? అందుకే సింగర్, ఆమె తోటి పరిశోధకురాలు ఓల్గా క్లిమెకి మామూలు మనుషులకు రెండు శిక్షణలూ వరసగా ఇచ్చి చూశారు. బాధను పంచుకునే శిక్షణతో మనసు కుంగింది, మెదడులో నొప్పికి స్పందించే చోట్లు చురుకయ్యాయి. తర్వాత కరుణ శిక్షణ ఇస్తే కుంగుబాటు తగ్గింది, ఆప్యాయతకు, తృప్తికి సంబంధించిన వేరే చోట్లు మేలుకున్నాయి.

ఈ తేడా తెలుగు నుడికారానికి కొత్త కాదు. కడుపు తరుక్కుపోవడం ఒకటి, అక్కున చేర్చుకోవడం ఇంకొకటి. మొదటిది భరించలేక చివరికి గుండె రాయి చేసుకుంటాం. మాస్లాక్ కొలిచిన రెండో గుర్తు ఆ రాయే.

ఈ పరిశోధనను పట్టుకుని నర్సులకు ధ్యానం నేర్పితే చాలనుకునే యాజమాన్యాలంటే నాకు అనుమానం. ముగ్గురు చేసే డ్యూటీ ఒక్కరి మీద వేసి కళ్ళు మూసుకోమంటే ఎలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుగా కాక, పనిచోటి ఒత్తిడి వల్ల కలిగేదిగానే నమోదు చేసింది. బోస్టన్‌లో కెనెత్ ష్వార్ట్జ్ అనే లాయరు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1995లో పోయాడు. తనను చూసుకున్నవాళ్ళ ఆప్యాయత నిలవాలని ఆయన పెట్టిన సంస్థ వేరే దారి పట్టింది. దాని సమావేశాల్లో డాక్టర్లు, నర్సులు, మిగతా సిబ్బంది కలిసి కూర్చుంటారు. ఏ మందు వాడామన్నది కాదు, ఆ పేషెంటు తమ మనసును ఏం చేశాడన్నది మాట్లాడుకుంటారు.

అలిసేది కరుణ కాదు, పంచుకున్న బాధే మనిషిని అలిసిపోయేలా చేస్తుంది కాబట్టి పేరు మార్చాలని క్లిమెకి, సింగర్ 2012లో రాశారు. వాళ్ళు సూచించిన పేరు మరీ పొడుగు. శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ కంపాషన్ ఫెటీగ్ అనే అంటున్నారు.