డెబ్బై దాటాక ఓడెక్కిన ముల్లర్ దంపతులు

జార్జ్ ముల్లర్ అనగానే, ముఖ్యంగా తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవాళ్లకి, ఒకటే గుర్తొస్తుంది. బ్రిస్టల్ అనాథాశ్రమం. ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా, ప్రార్థన చేసుకుంటూ వేలమంది పిల్లల్ని పెంచిన మనిషి అని. సండే స్కూల్లో చెప్పే కథ ఆ ఐదు పెద్ద భవనాలు కట్టడంతో అయిపోతుంది. ఐదో భవనం తెరిచింది 1870 జనవరిలో. అప్పటికి ఆయన వయసు 64. పోయింది 1898లో, 92వ ఏట. మరి మధ్యలో ఆ 28 ఏళ్లూ ఏం చేశాడు? ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే.

క్లుప్తంగా చెప్పాలంటే, 17 ఏళ్లపాటు భార్యతో కలిసి ప్రపంచం తిరిగాడు. 42 దేశాలు, దాదాపు 2 లక్షల మైళ్లు. మొదలుపెట్టినప్పుడు 69 ఏళ్లు, ఆపినప్పుడు 86. విమానం లేని కాలం అండీ అది. ఈ లెక్క చాలామంది చెప్తారు, ఆహా అనుకుంటాం, వదిలేస్తాం. నాకు మాత్రం ఆ మైళ్ల కన్నా, వాళ్లు ఇల్లు ఎలా వదలగలిగారన్నదే ఆసక్తి. రెండు వేల మంది పిల్లలున్న సంస్థని ఆ వయసులో వదిలిపెట్టి గడప దాటడం మాటలు కాదు కదా.

కాస్త వెనక్కి వెళ్దాం. ముల్లర్ ఇంగ్లీషువాడు కాదు, ప్రష్యావాడు. 1805లో పుట్టాడు. కుర్రతనంలో అబద్ధాలు, దొంగతనాలు, 16 ఏళ్లకే కొన్నాళ్లు జైలు కూడా. హాలె యూనివర్సిటీలో చదువుతుండగా 1825లో ఒక ఇంట్లో జరిగిన ప్రార్థన కూటానికి వెళ్లాడు, అక్కడ మనిషి మారిపోయాడు. మారిన వెంటనే కలిగిన కోరిక ఏంటంటే, విదేశాలకు మిషనరీగా వెళ్లాలని. దీనికి దేవుడి చిత్తం ఉందో లేదో తెలుసుకోవడానికి లాటరీ టికెట్ కొన్నాడు! నవ్వకండి, నిజంగానే కొన్నాడు. చిన్న మొత్తం తగిలింది కూడా. ఇంకేం, అనుమతి వచ్చేసిందనుకుని మిషన్ సొసైటీకి దరఖాస్తు పెట్టాడు. తండ్రి సమ్మతి లేకపోతే తీసుకోమన్నారు వాళ్లు.

తండ్రి ఒప్పుకోలేదు. ఆయన లెక్క వేరు. కొడుకు మంచి రాబడి ఉన్న చర్చిలో పాస్టర్ అయితే, ఆ ఇంట్లోనే తన ముసలితనం సుఖంగా వెళ్లిపోతుందని ఆశ. మన ఇళ్లలో ఈ మాట వినలేదంటారా?

ఇది ఒక్కసారితో ఆగలేదు. మారుమనసు పొందిన తర్వాత ఎనిమిదేళ్లలో ఐదుసార్లు మిషనరీగా వెళ్లడానికి సిద్ధపడ్డాడు. ఐదుసార్లూ ఏదో ఒక తలుపు మూసుకుంది. అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది 1833 జనవరిలో. అప్పటికి ఆయన ఇంగ్లండ్ వచ్చేసి మేరీ గ్రోవ్స్ అనే ఆవిడని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ అన్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఈయన ఎక్సెటర్‌లో పళ్ల డాక్టరు, బాగా సంపాదించేవాడు. అదంతా వదిలేసి బాగ్దాద్‌కి మిషనరీగా వెళ్లాడు. అక్కడ 1831లో ప్లేగు వచ్చి ఆయన భార్య చనిపోయింది. అలాంటి ఊరి నుంచి ముల్లర్‌కీ, ఆయన సహచరుడు హెన్రీ క్రెయిక్‌కీ ఉత్తరం వచ్చింది: మీరూ రండి అని. ఉత్తరంతో పాటు ప్రయాణ ఖర్చులకి 200 పౌండ్లు కూడా. ముల్లర్ ఇంట్లో అప్పుడు నాలుగు నెలల పసిపాప, లిడియా. ఆలోచించాడు, ప్రార్థన చేశాడు, చివరికి బ్రిస్టల్‌లోనే ఉండిపోయాడు. ఈ లిడియా పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక్కడే మన గడ్డ సంబంధం ఒకటుంది. ఆ గ్రోవ్స్ గారే బాగ్దాద్ తర్వాత ఇండియా వచ్చారు. 1836లో ఆయన ఇంగ్లండ్ నుంచి తిరిగి ఓడెక్కినప్పుడు వెంట రెండు మామూలు జంటలని తీసుకొచ్చారు. విలియం బౌడెన్, జార్జ్ బీర్, వాళ్ల భార్యలు. ఇంగ్లండ్‌లోని బార్న్‌స్టేపుల్ ఊరివాళ్లు. ఒకాయన రాళ్లపని మేస్త్రీ, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. వీళ్లు మన గోదావరి జిల్లాలకు వచ్చి నర్సాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. అంటే ముల్లర్ వెళ్లలేకపోయిన దారిలో ఆయన బావమరిది మనుషుల్ని తెచ్చి మన నర్సాపురంలో దించారన్నమాట. ముల్లర్ బ్రిస్టల్లో కూర్చుని, 1834లో పెట్టిన తన సంస్థ ద్వారా ఎన్నో దేశాల్లోని మిషనరీలకు డబ్బు పంపుతూ ఉన్నాడు. తను వెళ్లకుండా వెళ్లేవాళ్లకి పంపడం. నలభై ఏళ్లు అదే.

ఇప్పుడు 1870కి వద్దాం. ఐదో భవనం తెరిచిన నెలకే, ఫిబ్రవరి 6న, మేరీ చనిపోయింది. నలభై ఏళ్ల కాపురం. ముల్లర్‌కి మిగిలింది లిడియా, పని. ఆ పని ఎంతంటే ఐదు భవనాల్లో 2,050 మంది పిల్లలకు చోటుంది. అంతమందికి ప్రతిరోజూ మూడు పూటలు.

ఆయన తర్వాత ఎవరు అన్న ప్రశ్న జనం చాలా ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఆయన మనసులో ఒక పేరుంది, జేమ్స్ రైట్. సంస్థలోనే పనిచేసే మనిషి. అడిగాడు, రైట్ చాలా వెనకాడి చివరికి ఒప్పుకున్నాడు. తర్వాత జరిగింది సినిమాలా ఉంటుంది. భార్య పోయిన ఈ రైట్, లిడియాని పెళ్లి చేసుకుంటానని 1871లో అడిగాడు. లిడియాకి ఇష్టమే, కానీ ముసలి తండ్రిని ఒంటరిగా వదిలి ఎలా వెళ్లేది? తండ్రే ఆమెకి నచ్చజెప్పాడు. నచ్చజెప్పిన తర్వాత తన సంగతి ఆలోచించుకుని, పాతికేళ్లుగా తెలిసిన సుసన్నా గ్రేస్ సేంగర్‌ని తానూ పెళ్లి చేసుకున్నాడు. కూతురి పెళ్లి నవంబర్ 16న, తండ్రి పెళ్లి నవంబర్ 30న. మధ్యలో రెండు వారాలు!

నాకేమనిపిస్తుందంటే, ఆ రెండు పెళ్లిళ్లే ప్రపంచ యాత్రకి అసలు ఏర్పాటు. అప్పటికి వాళ్లకి ఆ ఆలోచన ఉన్నట్టు లేదు, కానీ దారి అక్కడే పడింది. సంస్థ పగ్గాలు అల్లుడి చేతికి వచ్చాయి, కూతురు పక్కనే ఉంది, ఇటు ముల్లర్‌కి తోడు వచ్చే మనిషి దొరికింది. డెబ్బై ఏళ్ల మనిషి ఒంటరిగా ఆ ప్రయాణాలు చేయగలిగేవాడని నేననుకోను.

అంత సాఫీగా కూడా జరగలేదండోయ్. 1874లో సుసన్నాకి టైఫాయిడ్ వచ్చింది. అప్పట్లో టైఫాయిడ్ అంటే మందు లేని జబ్బు. వారాల తరబడి చావు బతుకుల మధ్య ఉంది. కోలుకుంది. సరిగ్గా ఆ తర్వాతి సంవత్సరం, 1875 మార్చి 26న, ఇద్దరూ మొదటి యాత్రకి బయల్దేరారు. మొదట ఇంగ్లండ్‌లోనే, ఓ పది వారాలు. ఆ తర్వాత స్కాట్లాండ్, ఐర్లాండ్. 1876లో సముద్రం దాటి స్విట్జర్లాండ్, జర్మనీ. 1877 ఆగస్టులో కెనడా, అమెరికా. అంటే కొంచెం కొంచెంగా దూరం పెంచుకుంటూ వెళ్లారు. ఇది కూడా తయారీయే.

ఇంకో చిత్రమైన సంగతి. ఇదే మనిషిని కుర్రతనంలో ప్రష్యా సైన్యంలోకి వద్దన్నారు. ఛాతీ బలహీనం, పనికిరాడని.

డబ్బు సంగతి చెప్పకపోతే ఎవరో ఒకరు కామెంట్లో అడుగుతారు. అప్పట్లోనే అడిగారు లెండి. అనాథాశ్రమానికి చందాలు పోగుచేయడానికే ఈ తిరుగుడంతా అని అన్నవాళ్లున్నారు. ఆయన ప్రసంగాల్లో విరాళాల మాట ఎత్తేవాడు కాదు. ప్రయాణాలకి సంస్థ డబ్బు ముట్టుకోలేదు. 1830 నుంచీ ఆయన జీతం అనేదే తీసుకోలేదు, తన సొంతానికని జనం పంపినదే ఆదాయం. అందులోంచే టికెట్లు. ఇంకో విమర్శ కూడా వచ్చింది: మీరు ఊళ్లో లేకపోవడం వల్లే రాబడి తగ్గుతోంది, ఇంటిపట్టున ఉండండి అని. నిజానికి ఈ రెండో విమర్శే గట్టిది. దానికి ఆయన జవాబు, ఈ సంస్థ నడిచేది నా వల్ల కాదు అని. ఆ మాట మీద నిలబడాలంటే ఊరు విడిచి చూపించాల్సిందే మరి.

కాలం కూడా కలిసొచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. అదే ఏడాది అమెరికాలో ఈ తీరం నుంచి ఆ తీరానికి రైలు పడింది. 1870లో జబల్‌పూర్ దగ్గర రెండు రైల్వే కంపెనీల పట్టాలు కలిసి బొంబాయి, కలకత్తా ఒకే దారి అయ్యాయి. ఇరవై ఏళ్ల ముందైతే ఈ యాత్ర ఊహకి కూడా అందేది కాదు.

1878 జనవరిలో వైట్‌హౌస్‌లో ప్రెసిడెంట్ హేస్‌ని కలిశారు. తర్వాత ఈజిప్ట్, పాలస్తీనా, టర్కీ, రష్యా. 1883 సెప్టెంబర్‌లో ఇండియాకి బయల్దేరారు. ఆ ఒక్క యాత్రే 21,000 మైళ్లకు పైన, 200 పైచిలుకు ప్రసంగాలు. కోలారులోని అనాథాశ్రమం పిల్లల ముందు కూడా మాట్లాడాడు. బ్రిస్టల్ పిల్లల్ని వదిలి ఇంత దూరం వచ్చిన తాతకి ఆ పూట ఎలా ఉండి ఉంటుందో.

ఈ వివరాలన్నీ మనకి ఎలా తెలిశాయి? సుసన్నా వల్ల. ప్రయాణాల మీద ఆవిడ పుస్తకం రాసింది. పుస్తకం పేరులో ఉన్నది భర్త పేరు. రాసింది ఎవరంటే "శ్రీమతి ముల్లర్". ఆయనకి తోడుగా, ఉత్తరాలు రాసే సెక్రటరీగా, జబ్బు చేస్తే నర్సుగా ఆ పదిహేడేళ్లూ గడిపిన మనిషికి సొంత పేరు కూడా అట్టమీద దక్కలేదు.

రెండోసారి ఇండియా వచ్చినప్పుడు ముల్లర్‌కి ఎనభై దాటాయి. కలకత్తా ఎండకి పడిపోయాడు. వెంటనే ఊరు వదలమన్నారు డాక్టర్లు. డార్జిలింగ్ వెళ్లే రైల్లో ఆయన ప్రాణం పోతుందేమోనని సుసన్నా వణికిపోయింది. ఆయన తేరుకున్నాడు. మళ్లీ ప్రసంగాలు మొదలు.

1890 జనవరిలో జబల్‌పూర్‌లో ఉన్నారు. బ్రిస్టల్ నుంచి కబురు వచ్చింది. లిడియా చనిపోయింది.

ఆవిడ వయసు 57. తండ్రికి ఒక్కతే మిగిలిన బిడ్డ. తండ్రి ప్రపంచం తిరుగుతుంటే ఇంటి దగ్గర భర్తతో కలిసి ఆ భవనాలు చూసుకున్నది ఆవిడే. నేను ఇందాక చెప్పాను, 1833లో బాగ్దాద్ పిలుపు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న పసిపాప ఈ లిడియానే. ఆ పాప పక్కనుండగా కదలని మనిషి, ఆవిడ ఆఖరి రోజుల్లో అయిదు వేల మైళ్ల దూరంలో ఉన్నాడు. ముసలివాళ్లు మిషన్‌కి బయల్దేరుతుంటే ఇంట్లోవాళ్లు భయపడేది వాళ్లకేమన్నా అవుతుందేమోనని. ఇక్కడ ఇంట్లో ఉన్నవాళ్లకే అయింది.

యాత్ర అక్కడితో ఆపేసి, అల్లుడి దగ్గరకి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. రైట్‌ని ఆ సమయంలో ఒంటరిగా వదలడం ముల్లర్‌కి ఇష్టం లేదు. ఇక చాలనుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. కానీ అదే సంవత్సరం భార్యాభర్తలు మళ్లీ బయల్దేరారు, ఈసారి జర్మనీ, స్విట్జర్లాండ్, ఇటలీ వైపు. 1892 మేలో తిరిగొచ్చాక ఇంక ఓడెక్కలేదు. సుసన్నా ఆయన కన్నా ముందే వెళ్లిపోయింది. ఆయన 1898 మార్చి 10న. సంస్థని రైట్ 1905లో చనిపోయేదాకా నడిపాడు.

నర్సాపురం వచ్చిన బౌడెన్, బీర్ల కథ ఇవాళ తొందర తొందరగా దాటేశాను. దానికి విడిగా ఒక ఎపిసోడ్ కావాలి, అది చేద్దాం. ఉంటానండీ.