ఢీకొనే గెలాక్సీల్లో నక్షత్రాల పుట్టుక

రెండు గెలాక్సీలు ఒకదాని పక్కగా ఒకటి దాటిపోయినా, ఢీకొని ఒకటిగా కలిసిపోయినా వాటిలోని చల్లని వాయువు చెదిరి, ఒకచోటికి చేరి, కుదించుకుపోతుంది. అప్పుడు కొత్త నక్షత్రాలు మామూలు కన్నా వేగంగా పుడతాయి. ఈ పుట్టుక మరీ ఉధృతంగా సాగే దశను స్టార్‌బర్స్ట్ అంటారు. మన పాలపుంతలో ఏడాదికి ఒకరిద్దరు సూర్యుళ్ల బరువుకు సరిపడా నక్షత్రాలు తయారవుతుంటే, కలిసిపోతున్న కొన్ని గెలాక్సీల్లో ఆ లెక్క పదులు దాటి వందలకు చేరుతుంది. అయితే ఢీకొన్న ప్రతి జంటలోనూ ఇలా జరగదు. ఫలితాన్ని నిర్ణయించేది ఢీ ఎంత గట్టిగా తగిలిందన్నది ఒక్కటే కాదు. గెలాక్సీల దగ్గర వాయువు ఎంత ఉంది, అది ఎటు ప్రవహించింది అన్నవే అసలు సంగతులు. గెలాక్సీల ఢీని గణితంతో అర్థం చేసుకునే పనిలో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల నుంచీ పాలుపంచుకుంది.

రాజమండ్రి ఆకాశంలో

ఈ విషయానికి పాఠ్యపుస్తకంలాంటి ఉదాహరణ గోదావరి డెల్టా ఆకాశంలోనే ఉంది. సార్వా రైతులు లెక్క చూసుకునే హస్త కార్తెకు పేరిచ్చిన హస్త నక్షత్రమే దాని చిరునామా. కార్తె రోజుల్లో సూర్యుడు ఆ నక్షత్రంలో ఉంటాడు కాబట్టి అప్పుడది కనిపించదు. చైత్ర వైశాఖాల్లో రాత్రి పది గంటల ప్రాంతంలో దక్షిణం వైపు చూస్తే చిత్త నక్షత్రానికి పడమరగా, కాస్త కిందుగా హస్త నాలుగు చుక్కల వంకర చతురస్రంలా కనిపిస్తుంది. దాని వాయవ్య మూలన ఉన్న చుక్కకు ఇంకాస్త పడమరగా యాంటెన్నే జంట ఉంది. ఎన్‌జీసీ 4038, ఎన్‌జీసీ 4039 అనే రెండు గెలాక్సీలు అక్కడ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఉన్నాయి. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న రాజమండ్రి నుంచి చూస్తే ఈ జంట దక్షిణ దిక్కున దాదాపు 54 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మామూలు కంటికి ఆనదు. టెలిస్కోపు కావాలి.

విలియం హెర్షెల్ 1785లో దీన్ని కనుగొన్నాడు. ఇది సుమారు ఏడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. రెండు గెలాక్సీల నుంచి చెరొక పక్కకు పొడవాటి నక్షత్రాల తోకలు సాగి ఉంటాయి. పురుగు మీసాల్లా కనిపించే ఆ తోకల వల్లే ఆ పేరు వచ్చింది. 1997లో విడుదలైన హబుల్ టెలిస్కోపు చిత్రాల్లో ఈ జంటలో వెయ్యికి పైగా కొత్త నక్షత్ర గుచ్ఛాలు బయటపడ్డాయి. నీలంగా మెరిసే గుచ్ఛాలు ఇప్పటికే పుట్టినవి. వాటిని చుట్టుకున్న ముదురు గోధుమరంగు ధూళి చారల వెనక ఇంకా పుడుతున్నవి ఉన్నాయి.

ఢీకొనేది ఏది

గెలాక్సీలు ఢీకొంటే వాటిలోని నక్షత్రాలు కూడా పగిలి పేలిపోతాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. సూర్యుణ్ని ఆవగింజంత చేసి రాజమండ్రిలో పెడితే, అతి దగ్గరి నక్షత్రం సుమారు 50 కిలోమీటర్ల అవతల, కాకినాడలో, మరో చిన్న గింజ అవుతుంది. ఇంత ఎడంగా ఉన్న గింజల గుంపులు రెండు ఎదురుపడినా ఒక గింజ మరో గింజకు తగలడం దాదాపు అసాధ్యం. నక్షత్రాలు ఒకదాని పక్కనుంచి ఒకటి దాటిపోతాయి.

వాయువు సంగతి వేరు. నక్షత్రాల నడుమ పరుచుకున్న హైడ్రోజన్ మేఘాలు ఒక్కొక్కటి పదులు, వందల కాంతి సంవత్సరాల వెడల్పు ఉంటాయి. అవి తప్పించుకోలేవు. సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో ఒకదానికొకటి తగిలి, నొక్కుకుపోయి, వేడెక్కి, ఆ వేడిని వెలుగుగా వదిలేసి మళ్లీ చల్లబడతాయి. నక్షత్రాలు శక్తిని ఇలా వదిలించుకోలేవు, వాయువు వదిలించుకోగలదు. కొత్త నక్షత్రాల కథ అంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

ఆటుపోట్ల పని

గెలాక్సీలు తాకక ముందే మార్పు మొదలవుతుంది. దానికి కారణం ఆటుపోట్ల బలం. అమావాస్యకు, పౌర్ణమికి కోరింగ మడ అడవుల పాయల్లో సముద్రపు నీరు వెనక్కి తన్నుకొచ్చి చెట్ల వేళ్లను ముంచేస్తుంది. చంద్రుడు భూమికి తనవైపున్న భాగాన్ని ఎక్కువగా, అవతలి భాగాన్ని తక్కువగా లాగడమే దానికి మూలం. సూర్యుడి లాగుడు తోడైన రోజుల్లో పోటు పెద్దదవుతుంది. రెండు గెలాక్సీల మధ్య జరిగేదీ ఇదే. దూరం సగానికి తగ్గితే ఈ బలం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే గెలాక్సీలు మరీ దగ్గరైనప్పుడే అసలు అలజడి పుడుతుంది.

ఈ లాగుడుకు పళ్లెంలాంటి గెలాక్సీ సాగి, కొన్ని నక్షత్రాలూ కొంత వాయువూ తోకలుగా బయటికి విసిరినట్టు పోతాయి. గెలాక్సీ ఏ దిశలో గుండ్రంగా తిరుగుతోందో రెండోది అదే దిశలో దాన్ని చుట్టి వస్తే తోకలు పొడవుగా వస్తాయి, ఎదురు దిశలో వస్తే ప్రభావం తగ్గుతుంది. లోపలివైపు నక్షత్రాలు దూలంలా ఒక పొడవాటి ఆకారంలో కూడతాయి. ఈ దూలం వాయువును వెనక్కి లాగి, దాని తిరుగుడు వేగాన్ని హరిస్తుంది. వాయువును కేంద్రంలో పడకుండా అంతకాలం ఆపింది ఆ తిరుగుడే. అది తగ్గగానే వాయువు జారి గెలాక్సీ నడిబొడ్డుకు చేరుతుంది. వేల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న ముడిసరుకు కొన్ని వందల కాంతి సంవత్సరాల ఇరుకులో గుట్ట పడుతుంది.

మేఘం నుంచి నక్షత్రం

నక్షత్రాలు పుట్టేది అణురూప హైడ్రోజన్ మేఘాల్లో. వాటి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 260 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. మేఘం తన బరువుకు తానే కుంగిపోవాలని చూస్తుంది. లోపలి ఒత్తిడి, అలజడి, అయస్కాంత బలం దాన్ని నిలబెడతాయి. గెలాక్సీల కలయికలో మేఘాలు ఒకదానికొకటి తగిలినా, చుట్టూ ఉన్న వాయువు పీడనం పెరిగినా ఈ సమతూకం చెడి మేఘం కుప్పకూలుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన చందా జోగ్, ఫిలిప్ సోలమన్‌తో కలిసి 1992లో ఇలాంటి ఒక మార్గాన్ని ప్రతిపాదించారు. రెండు గెలాక్సీల పలుచని హైడ్రోజన్ మేఘాలు ఢీకొని వేడెక్కితే, ఆ వేడి వాయువు తన నడుమ చిక్కుకున్న చిక్కని అణుమేఘాలను అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది. అలా నొక్కుడు పడిన మేఘాల పైపొరలు నక్షత్రాలుగా మారతాయన్నది వారి వివరణ.

ఇలా పుట్టే నక్షత్రాలు విడివిడిగా కాక గుంపులుగా వస్తాయి. కొన్ని గుచ్ఛాల బరువు లక్షల సూర్యుళ్లకు సమానం. వాటిలోని భారీ నక్షత్రాలు కొద్ది పదుల లక్షల ఏళ్లలోనే సూపర్‌నోవాలుగా పేలి, మిగిలిన వాయువును బయటికి తరిమేస్తాయి.

పరిశోధన చరిత్ర

కంప్యూటర్లు లేని 1941లో స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ హోల్మ్‌బెర్గ్ ఈ ఢీని బల్బులతో లెక్కగట్టాడు. ఒక్కో గెలాక్సీకి 37 చొప్పున మొత్తం 74 బల్బులను బల్ల మీద పేర్చాడు. దూరం పెరిగేకొద్దీ గురుత్వాకర్షణ ఎలా తగ్గుతుందో బల్బు వెలుగూ అదే లెక్కన తగ్గుతుంది. ఒక్కో బల్బు ఉన్నచోట నిలిపిన కాంతిమాపకంతో ఏ వైపు నుంచి ఎంత వెలుగు వస్తోందో కొలిచి, దాన్నే ఆకర్షణగా తీసుకుని బల్బును ఆ మేరకు జరిపాడు. అలా అడుగడుగునా కొలుస్తూ, జరుపుతూ పోతే రెండు గుంపులూ ఆటుపోట్లకు రూపుమారి, ఒకదాన్నొకటి పట్టుకునే వీలుందని తేలింది.

హాల్టన్ ఆర్ప్ 1966లో 338 వింత ఆకారపు గెలాక్సీల చిత్రమాలిక వెలువరించాడు. 1972లో ఆలార్ టూమ్రే, యూరి టూమ్రే సోదరులు కంప్యూటర్ లెక్కలతో యాంటెన్నే తోకల ఆకారాన్ని తిరిగి పుట్టించి, అవి ఆటుపోట్ల పనేనని నిరూపించారు. 1978లో రిచర్డ్ లార్సన్, బియాట్రిస్ టిన్స్‌లీ ఆర్ప్ గెలాక్సీల రంగులను మామూలు గెలాక్సీల రంగులతో పోల్చి, ఢీకొన్నవాటిలో ఈమధ్యనే నక్షత్రాలు ఒక్కసారిగా పుట్టాయని చూపారు. 1983లో పనిచేసిన ఐరాస్ పరారుణ ఉపగ్రహం మరో తలుపు తెరిచింది. ధూళి మూసేసిన వెలుగు పరారుణ కిరణాలుగా బయటికి వస్తుంది. ఆ కిరణాల్లోనే లక్ష కోట్ల సూర్యుళ్లకు మించిన కాంతి వెదజల్లే గెలాక్సీలు దొరికాయి. దగ్గర్లో ఉన్న అలాంటివాటిలో దాదాపు అన్నీ కలయికలో ఉన్నవే.

హైదరాబాదు కృషి

1901లో మొదలైన హైదరాబాదు నిజామియా వేధశాలకు, ఆకాశమంతటినీ ఫొటోలుగా తీసి పట్టిక కట్టే అంతర్జాతీయ పథకంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల క్రాంతి (ఆకాశంలో అక్షాంశం లాంటి కొలత) మధ్య పట్టీ అప్పగించారు. యాంటెన్నే జంట ఉన్నది సరిగ్గా ఆ పట్టీలోనే. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. విశ్వవిద్యాలయానికి జపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు 1968లో నెలకొంది.

ఉస్మానియాలోనే సాలెహ్ మొహమ్మద్ అలాదీన్ (1931–2011) గెలాక్సీల ఢీని తన జీవితకాల పరిశోధనగా చేసుకున్నారు. చికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన ఆయన, ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రంపై 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. గెలాక్సీలు దగ్గరగా దాటేటప్పుడు వాటి ప్రయాణ శక్తిలో కొంత లోపలి నక్షత్రాల కదలికగా మారుతుంది. ఆ బదిలీ ఎంత, దాని వల్ల గెలాక్సీ ఉబ్బుతుందా, చెదిరిపోతుందా, రెండూ కలిసిపోతాయా అన్న ప్రశ్నలకు ఆయన, ఆయన సహచరులు, విద్యార్థులు లెక్కలు కట్టారు. ప్రయాణ శక్తి తరిగిపోతేనే జంట విడిపోకుండా కలిసిపోతుంది. 1982లో కె.ఎస్.వి.ఎస్. నరసింహన్‌తో కలిసి అలాదీన్ రాసిన సమీక్ష ఫిజిక్స్ రిపోర్ట్స్‌లో వచ్చింది. ఈ లెక్కలు ప్రధానంగా నక్షత్రాల కదలికలకు సంబంధించినవి. వాయువును కూడా కలుపుకున్న కంప్యూటర్ నమూనాలు తర్వాతి దశాబ్దాల్లో వచ్చాయి. టూమ్రే సోదరుల వ్యాసం కన్నా ఏడేళ్లు ముందే అలాదీన్ ఈ ప్రశ్నపై వ్యాసం ప్రచురించారన్న సంగతి మన విద్యార్థులకు తప్పక తెలియాలి.

దేశంలో ఈ పరిశోధన ఆ తర్వాతా సాగింది. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో అతినీలలోహిత టెలిస్కోపు ఉంది. కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాలు ఆ కిరణాల్లోనే బాగా వెలుగుతాయి. ఢీకొన్న రెండు గెలాక్సీలు దాదాపు పూర్తిగా కలిసిపోయిన ఎన్‌జీసీ 7252లో కేంద్రం చుట్టూ నక్షత్రాలు పుడుతున్న వలయాన్ని ఈ టెలిస్కోపుతో భారతీయ శాస్త్రవేత్తలు పరిశీలించి 2018లో ప్రచురించారు.

మరికొన్ని ఉదాహరణలు

సప్తర్షి మండలం తోక చివరి మరీచికి దగ్గర్లో ఉన్న ఎం51, పక్కనున్న చిన్న గెలాక్సీతో తలపడుతోంది. దాని సర్పిలాకార చేతుల వెంట నక్షత్రాలు పుడుతున్నాయి. 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం82, పెద్ద పొరుగైన ఎం81 లాగుడుకు నడిబొడ్డున స్టార్‌బర్స్ట్‌గా మారి, పైకీ కిందికీ వాయువును చిమ్ముతోంది. సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆర్ప్ 220లో రెండు కేంద్రకాలు ఇంకా కలిసే పనిలో ఉన్నాయి. అక్కడ నక్షత్రాల పుట్టుక పాలపుంతకు వంద రెట్ల స్థాయిలో ఉంది.

స్టెఫాన్ పంచకం అనే గెలాక్సీల గుంపు దీనికి ఎదురు నిదర్శనం. అందులో ఒక గెలాక్సీ సెకనుకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో గుంపులోకి దూసుకొచ్చి, పాలపుంతను మించిన పొడవున వాయువులో ఆఘాత తరంగం లేపింది. అంత అలజడి ఉన్నా ఆ తరంగం వెంట నక్షత్రాల పుట్టుక తక్కువే. వాయువు కుదురుగా చల్లబడి కూడే అవకాశం లేకపోవడమే కారణంగా భావిస్తున్నారు.

ఎంత పెరుగుతుంది, ఎంతకాలం ఉంటుంది

వేల జంటలను పరిశీలించిన సర్వేల ప్రకారం దగ్గరపడిన గెలాక్సీల్లో నక్షత్రాల పుట్టుక సగటున రెండు మూడు రెట్లకు మించి పెరగదు. ఆర్ప్ 220 లాంటివి అరుదు. విశ్వంలో పుట్టిన నక్షత్రాల్లో ఎక్కువ భాగం మామూలు గెలాక్సీల్లో నిదానంగా పుట్టినవే. స్టార్‌బర్స్ట్ కూడా కొన్ని కోట్ల ఏళ్ల నుంచి కొన్ని పదుల కోట్ల ఏళ్ల లోపే ముగుస్తుంది. వాయువులో కొంత నక్షత్రాలకు ఖర్చయిపోతుంది, కొంత బయటికి వెళ్లిపోతుంది. రెండు సర్పిలాకార గెలాక్సీలు కలిస్తే చాలాసార్లు ఒక దీర్ఘవృత్తాకార గెలాక్సీ మిగులుతుంది. అందులో పాత ఎర్రని నక్షత్రాలే ఎక్కువ.

మన పాలపుంత

పాలపుంత కూడా ఇలాంటి కలయికల్లో పెరిగిందే. ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీ పాలపుంతకు దగ్గరగా వచ్చిన కాలాలు, మన దగ్గర నక్షత్రాల పుట్టుక ఉప్పొంగిన కాలాలు సరిపోలుతున్నాయని గయా ఉపగ్రహ సమాచారం ఆధారంగా 2020లో శాస్త్రవేత్తలు తెలిపారు.

రాబోయే కలయికలో ఎదుటి పక్షం ఆండ్రోమెడా గెలాక్సీ కావచ్చు. కార్తీక మాసపు చీకటి రాత్రుల్లో, వీధి దీపాలు లేని కోనసీమ లంకల్లో నిలబడి ఉత్తరాభాద్ర చుక్కలకు ఈశాన్యంగా చూస్తే అది మసక మచ్చలా మామూలు కంటికే కనిపిస్తుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి సెకనుకు దాదాపు 110 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తోంది. రెండూ ఢీకొనడం ఖాయమని చాలాకాలం అనుకున్నారు. వెయ్యి కోట్ల ఏళ్లలో కలిసే అవకాశం సగానికి సగమేనని 2025లో వెలువడిన అధ్యయనం తేల్చింది. కలిసినా యాంటెన్నేలాంటి వెలుగుల పండగ ఉంటుందని చెప్పలేం. అప్పటికి రెండింటిలోనూ వాయువు చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది. కొత్త నక్షత్రాలు పుట్టాలంటే కలయిక ఒక్కటే చాలదు. అవి తయారయ్యే ముడిసరుకు ఆ వేళకు మిగిలి ఉండాలి.