గోడమీది గ్రీకు దాసి

చలువరాతి శిల్పమును కొనగలవారు కొద్దిమంది. దాని పటమును కొనగలవారు వేలమంది. విక్టోరియా రాణి కాలమున ఉక్కురేకులపై సన్నని గీతలను, చుక్కలను చెక్కి, వాటిలో సిరా నింపి, తడి కాగితముపై ఒత్తి, ప్రసిద్ధ శిల్పముల అచ్చుపటములను తీసెడివారు. లండనులో వెలువడిన ఆర్ట్ జర్నల్ అను మాసపత్రిక ఇట్టి పటములను తన పాఠకులకు అందించెడిది. వాటికి చట్రములు కట్టించి గోడలకు వ్రేలాడదీయుట ఆనాటి గృహస్థులకు ముచ్చట. ఆ విధముగా పటములలోనికెక్కి పేరొందిన శిల్పములలో ఒకటి 'గ్రీకు దాసి'.

దానిని చెక్కినవాడు హైరం పవర్స్. ఇతడు 1805లో అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున జన్మించెను. సిన్సినాటి పట్టణమున గడియారముల కర్మాగారములో పనిచేసి, పిమ్మట ఒక ప్రదర్శనశాలలో మైనపు బొమ్మలు చేయుచు తన చేతి నేర్పును పెంచుకొనెను. 1837లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరమునకు చేరి, 1873లో మరణించువరకు అక్కడనే నివసించెను. 'గ్రీకు దాసి' నమూనా 1843లో పూర్తికాగా, చలువరాతి ప్రతి 1845లో లండనులో ప్రదర్శింపబడెను.

ఆ శిల్పము చెప్పు కథ ఇది. గ్రీకుల స్వాతంత్ర్య యుద్ధమున తురుష్కులు ఒక క్రైస్తవ కన్యను చెరపట్టి, దాసుల సంతలో అమ్మకమునకు నిలిపిరి. ఆమె వస్త్రములను తీసివేసిరి. చేతులకు గొలుసు వేసిరి. ప్రక్కనున్న స్తంభముపై ఆమె విడిచిన వస్త్రమును, దానిపై ఒక లాకెట్టును, చిన్న సిలువను శిల్పి చెక్కెను. లాకెట్టు ఆమె పోగొట్టుకొనిన ప్రేమను, సిలువ ఆమె పోగొట్టుకొనని విశ్వాసమును తెలుపుచున్నవి.

1847లో ఈ శిల్పము అమెరికా నగరములకు వచ్చినప్పుడు, వస్త్రహీనమైన స్త్రీ రూపమును భక్తులు చూడవచ్చునా అను ప్రశ్న పుట్టెను. సిన్సినాటిలో పాదిరులే ముందుగా పరీక్షించి సమ్మతించిరి. ఆర్విల్ డ్యూయీ అను బోధకుడు ఆమె పవిత్రతయే ఆమెకు వస్త్రమని వ్రాసెను. లక్షమందికి పైగా జనులు దానిని దర్శించిరి. అనేకులు దాని యెదుట కన్నీరు విడిచిరి.

చదువరులారా, ఇక్కడ ఒక్క నిమిషము ఆగుదము. 1850 నాటి జనాభా లెక్కల ప్రకారము అమెరికాలో సుమారు 32 లక్షలమంది నీగ్రో దాసులుండిరి. తల్లులు ఒకచోటికి, బిడ్డలు మరొకచోటికి అమ్మబడుచుండిరి. దాసుల సంతకు పేరుమోసిన న్యూ ఆర్లియన్సు నగరమున గూడ ఈ శిల్పము ప్రదర్శింపబడెను. రాతి దాసిని చూడ రుసుము చెల్లించిన ఊరిలోనే సజీవ దాసికి వెలకట్టుచుండిరి! అందరును గ్రుడ్డివారు కారు. ఫ్లారెన్సులో నివసించిన కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగు 1850లో ప్రకటించిన పద్యమున, ఈ శిల్పము తూర్పు దేశముల దాస్యమునేగాక పడమటి దేశముల దాస్యమును గూడ గద్దింపవలెనని కోరెను.

1851లో లండనులోని హైడ్ పార్కున స్ఫటిక మందిరములో లోకమునకెల్ల గొప్ప ప్రదర్శనము జరిగెను. అమెరికా విభాగమున 'గ్రీకు దాసి' నిలిచెను. అప్పుడు పంచ్ అను హాస్యపత్రికలో జాన్ టెన్నియల్ గీసిన మరియొక పటము వెలువడెను. దాని పేరు 'వర్జీనియా దాసి'. అందులో నల్లజాతి స్త్రీ ఒకతె అదే విధముగా గొలుసులతో నిలిచియున్నది. ఆమె ఆనుకొనిన స్తంభముపై కప్పియున్నది అమెరికా జెండా. పీఠమునకు అలంకారముగా కొరడాలు, సంకెళ్లు!

ఆ జూన్ నెలలో ముగ్గురు ఆ మందిరమునకు వచ్చిరి. ఒకడు కెంటకీలో దాసిగర్భమున పుట్టి, 1834లో తప్పించుకొనిన విలియం వెల్స్ బ్రౌను. తక్కిన యిద్దరు విలియం క్రాఫ్టు, ఎలెన్ క్రాఫ్టు దంపతులు. 1848లో ఎలెన్ తెల్లదొర వేషము వేయగా, భర్త ఆమె సేవకునివలె నటించి, జార్జియానుండి తప్పించుకొని వచ్చిరి. బానిసత్వమును ఎదిరించిన ఇంగ్లీషు మిత్రులతో వారు అందరి కన్నులయెదుట తిరిగిరి. అప్పుడు బ్రౌను ఆ పంచ్ పటమును తీసి, గ్రీకు దాసి ప్రక్కన నుంచి, ఈమెకు తగిన తోడు ఈమెయేయని ప్రకటించెను. అతడు రాతిని పగులగొట్టలేదు, ఎవరిని దూషించలేదు. ఒక కాగితపు పటమును దానికి చెందవలసిన చోట నుంచెను, అంతే.

శిల్పి మొదట చెప్పినది గ్రీకు కథయే. అయితే 1865లో అమెరికాలో దాస్యము రద్దుకాగా, 1866లో చెక్కిన చివరి పెద్ద ప్రతిలో అతడు అందమైన గొలుసును తీసివేసి, నిజమైన ఇనుప సంకెలను పోలిన దానిని చెక్కెను. ఆ ప్రతి బ్రూక్లిన్ మ్యూజియములో నున్నది. ఇరువదేండ్లకు పైగా అతని చేతిక్రింద నున్న శిల్పములో మారినది ఆ సంకెలయే.

యెరికో త్రోవలో పడియున్నవానిని యాజకుడు, లేవీయుడు చూడకపోలేదు. చూచి, ప్రక్కగా పోయిరి. దూరమునందలి దుఃఖమునకు కన్నీరు విడుచుట సులభము, అది మన చేతినుండి ఏమియు అడుగదు. దగ్గరనున్న దుఃఖమో, కూలిడబ్బు అడుగును, అన్నము అడుగును, మన ప్రక్కన కూర్చుండుటకు చోటడుగును. బంధకములలో నున్నవారిని, మీరును వారితో కూడ బంధింపబడినట్టుగా జ్ఞాపకము చేసికొనుడని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము బోధించుచున్నది గదా. మన గోడమీద సిలువ పటమున్నది. దాని ప్రక్కన ఉంచవలసిన రెండవ పటము ఎవరిది? అంట్లు తోము చిన్నపిల్లదా? అప్పుక్రింద వెట్టిచేయు పాలేరుదా? ప్రభువు మన కన్నులు తెరచి, ఆ ముఖమును మనకు చూపును గాక.