లారీ దీపాలు: కార్బైడు నుండి జినాన్ దాకా

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమల్ల చరిత్ర విద్యార్థులకు కొత్త పేరు కాదు. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం దొరికినది ఈ గ్రామంలోనే. క్రీ.శ. 575 ప్రాంతానికి చెందిన ఆ శాసనాన్ని, ఇప్పటికి తెలిసినంతలో, తెలుగులో వెలసిన మొదటి శాసనంగా పండితులు పరిగణిస్తున్నారు. ఆ ప్రక్కనే, 1994లో మొదటి యూనిటుతో పని ప్రారంభించిన రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం వున్నది. అక్కడ బొగ్గు మండగా మిగిలే సన్నని బూడిద సిమెంటు తయారీకి పనికివస్తుంది. ఆ బూడిదను నింపుకొని ఎర్రగుంట్ల, చిలంకూరు ప్రాంతాల సిమెంటు కర్మాగారాలకు లారీలు బయలుదేరుతుంటాయి. విచిత్రమేమంటే, వెనుక 1,650 మెగావాట్ల సామర్థ్యం గల కేంద్రం వెలిగిపోతూవుండగా, దాని గేటు దాటిన పాత లారీకి ముందున్న రెండు దీపాలు పట్టుమని యాభై గజాల దూరం చూపవు. డ్రైవరు కళ్లు చిట్లించుకొని చీకటిలోకి చూస్తూ బండి నడపవలసివస్తుంది.

ఇందుకు విరుగుడుగా బజారులో దొరికే వస్తువు హెచ్.ఐ.డి. దీపం. జినాన్ వాయువు నింపిన చిన్న గాజుబుడ్డి, దానితో పాటు బాలాస్టు అనే పెట్టె వస్తాయి. పాత బల్బు తీసి దీన్ని అమర్చిన తొలిరాత్రి వెలుగు పట్టపగలులా వుంటుంది. కొన్నాళ్లకు అది మిణుకుమిణుకుమంటుంది. ఒకటి వెలిగి మరొకటి ఆరుతుంది. ఇంజను సెల్ఫు కొట్టగానే రెండూ ఆరుతాయి. మెకానిక్కు బల్బు మారుస్తాడు, బాలాస్టు మారుస్తాడు, జబ్బు మాత్రం కదలదు. జబ్బు దీపంలో లేకపోవడమే ఇందుకు కారణం. అది చాలాకాలంగా తీగలోనే వున్నది. పాతదీపం దాన్ని కప్పిపుచ్చింది, కొత్తదీపం బయటపెట్టింది. ఈ మాట ఎట్లా నిజమో తెలియాలంటే మోటారు దీపం నడచివచ్చిన దారిని కొంచెం చూడాలి.

తొలినాటి మోటారుబండ్లకు విద్యుద్దీపాలు లేవు. కాల్షియం కార్బైడు మీద నీరు పడితే మండే వాయువు పుడుతుందని జర్మన్ రసాయనజ్ఞుడు వోలర్ 1862లో చూపాడు. 1892లో కెనడా దేశస్థుడైన థామస్ విల్సన్, అమెరికాలో, విద్యుత్కొలిమిలో కార్బైడును చవకగా తయారుచేసే మార్గం కనుగొన్నాడు. దానితో సైకిళ్లకూ మోటార్లకూ ఎసిటిలీన్ దీపాలు వచ్చాయి. పై గిన్నెలోని నీరు బొట్టుబొట్టుగా క్రింది కార్బైడుమీద పడుతుంది, వాయువు గొట్టంగుండా వచ్చి మండుతుంది. మామిడికాయలు మాగవేయడానికి కొందరు దొంగచాటుగా వాడే కార్బైడు ఇదే. ఈ దీపంలో మంట తగ్గితే తప్పు తరచు మంటది కాదు. గొట్టంలో తేమ చేరి వుంటుంది, లేదా కొనలో మసి పేరుకొని వుంటుంది. మోటారు దీపానికి దారి లోపం ఆనాటినుండే వున్నదన్నమాట.

1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమర్చారు. బండిలోకి పెద్ద బ్యాటరీ, దాన్ని నింపే డైనమో ఒకసారి వచ్చాక దీపాలకు కూడ ఆ విద్యుత్తే దొరికింది. 1925లో ఒకే బుడ్డిలో రెండు ఫిలమెంట్లు గల బైలక్స్ బల్బు వచ్చింది: ఒకటి దూరానికి, రెండవది ఎదురుబండి వచ్చినప్పుడు క్రిందికి. మన డ్రైవర్లు చెప్పే అప్పర్, డిప్పర్‌ల పుట్టుక అక్కడ. 1959లో టంగ్‌స్టన్ ఫిలమెంటు చుట్టూ అయొడిన్ ఆవిరి వుంచి బల్బు నల్లబడకుండా చేసే హాలోజెన్ పద్ధతికి అమెరికాలో పేటెంటు లభించింది. 1971 నాటికి రెండు ఫిలమెంట్ల హాలోజెన్ బల్బు, హెచ్-4 అనే పేరుతో స్థిరపడింది. నేటికీ ఎన్నో లారీలలో వున్నది ఈ బల్బే.

ఇక్కడ ఒక లెక్క చెయ్యడం అవసరం. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెంటిని వరుసగా కలిపి 24 వోల్టులు తీస్తారు. 24 వోల్టుల హెచ్-4 బల్బులో డిప్పరు ఫిలమెంటు 70 వాట్లది. రెండు దీపాలకు 140 వాట్లు, అనగా దాదాపు 6 ఆంపియర్ల ప్రవాహం. చదరపు మిల్లీమీటరు మందం గల రాగితీగకు మీటరు పొడవున 0.017 ఓముల నిరోధం వుంటుంది. బ్యాటరీ నుండి డాష్‌బోర్డు స్విచ్చికి, అక్కడినుండి దీపానికి తీగ పది మీటర్లు వున్నదనుకుంటే 0.17 ఓములు. ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం దారిలో పోయేది సుమారు ఒక వోల్టు. కొత్తబండిలో ఇది పెద్ద నష్టం కాదు.

బండి పాతబడిన కొద్దీ స్విచ్చిలోని మొనలు కాలుతాయి, కప్లర్ సందులలో దుమ్ము, తేమ చేరి ఆకుపచ్చని చిలుము పడుతుంది, హోల్డరు వదులవుతుంది. ఇక ఎర్తు సంగతి. మోటారుబండ్లలో ప్రవాహం తిరిగివెళ్లేందుకు వేరే తీగ వెయ్యరు; ఇనుప ఛాసిసే ఆ పని చేస్తుంది. సగం తీగ మిగిల్చిన ఈ ఉపాయం తుప్పు పట్టనంతకాలం మంచిదే. మనదేశంలో చాలాకాలం లారీని ఛాసిస్‌గా కొని, క్యాబిను ఊళ్లోని బాడీ షెడ్డులో కట్టించుకొనేవారు. కర్రచట్రం మీద రేకు బిగించిన క్యాబిను అయితే, ఎర్తుకోసం తీగను విడిగా ఛాసిస్ దాకా లాగక తప్పదు. ఎవరో రంగు గీకకుండా బిగించిన ఒక్క మర కూడ నిరోధమే. ఇవన్నీ కలిసి దారి నిరోధం 0.4 ఓములకు పెరిగితే 6 ఆంపియర్ల వద్ద 2.4 వోల్టులు, అంటే నూటికి పది వంతులు, దీపం చేరకముందే ఖర్చవుతాయి. ఫిలమెంటు వెలుగు వోల్టేజికి రమారమి 3.4వ ఘాతంగా మారుతుంది. కనుక పది శాతం వోల్టేజి తగ్గితే ముప్పై శాతం వెలుగు పోతుంది. అయినా దీపం వెలుగుతూనే వుంటుంది! కొంచెం ఎర్రబడుతుంది, అంతే. డ్రైవరు తన కళ్లే మందగించాయనుకుంటాడు.

జినాన్ దీపం స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇందులో ఫిలమెంటు లేదు. రెండు లోహపు కొనల మధ్య విద్యుత్తు దూకి ఆర్కు ఏర్పడుతుంది. 19వ శతాబ్దారంభంలో హంఫ్రీ డేవీ బొగ్గుకడ్డీల మధ్య చూపిన వింతకు ఇది మనుమరాలు. 1898లో రామ్సే, ట్రావర్స్ కనుగొన్న జినాన్ వాయువు ఈ ఆర్కు వెనువెంటనే వెలుగునివ్వడానికి తోడ్పడుతుంది. 1991లో జర్మనీ బి.ఎం.డబ్ల్యు. సంస్థ 7వ శ్రేణి కార్లలో ఈ దీపం మొదట రోడ్డుమీదికి వచ్చింది. 35 వాట్ల దీపం సుమారు 3,200 ల్యూమెన్ల కాంతినిస్తుంది. 24 వోల్టుల హెచ్-4 డిప్పరు ఇచ్చేది దాదాపు 1,200 మాత్రమే. ఆర్కు రగలడానికి క్షణకాలం ఇరవైవేల వోల్టుల పైచిలుకు కావాలి, రగిలాక 85 వోల్టులు చాలు. ఈ రెండు పనులూ చేసేది బాలాస్టు. అందుచేత దీపం వేసివుండగా దాని తీగలమీద చెయ్యి పెట్టరాదు.

బాలాస్టు గుణం ఒకటి వున్నది. దీపానికి ఇవ్వవలసిన వాట్లను అది తగ్గనివ్వదు. వోల్టేజి పడిపోతే ఫిలమెంటు తక్కువ ప్రవాహంతో సరిపెట్టుకుంటుంది. బాలాస్టు ఎక్కువ ప్రవాహాన్ని లాగుతుంది. రెండు దీపాలకు 80 వాట్లు కావాలంటే 24 వోల్టుల వద్ద 3.3 ఆంపియర్లు, 20 వోల్టుల వద్ద 4 ఆంపియర్లు. ఎక్కువ లాగితే దారిలో నష్టం ఇంకా పెరుగుతుంది. అదిగాక వెలిగించిన మొదటి క్షణాలలో ఇది మామూలుకంటే రెండు మూడు రెట్లు లాగుతుంది. ఆ 0.4 ఓముల దారిలోనే 10 ఆంపియర్లు పోతే 4 వోల్టులు మాయమవుతాయి. వోల్టేజి ఒక హద్దుకు దిగువన పడగానే బాలాస్టు తనను తాను ఆపుకుంటుంది. ఆగగానే ప్రవాహం లేదు గనుక నష్టమూ లేదు. వోల్టేజి మళ్లీ నిండుతుంది, బాలాస్టు మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ పడిపోతుంది. చూసేవారికి కనిపించే మిణుకుమిణుకు ఇదే.

మెకానిక్కు ఇక్కడ మోసపోవడానికి తగిన కారణం వున్నది. అతడు టెస్టులాంపుతో చూస్తాడు; అది చక్కగా వెలుగుతుంది, ‘కరెంటు వస్తున్నది’ అంటాడు. 3 వాట్ల టెస్టులాంపు లాగేది 0.125 ఆంపియర్లు. దారిలో 4 ఓములు వున్నా అది పోగొట్టుకునేది అర వోల్టు! మొత్తం తీగకట్టలో ఒక్క పోగు మిగిలినా టెస్టులాంపుకు చాలు. కనుక దీపం వేసివుంచి, భారం మోస్తుండగా కొలవాలి. మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్సుకు, రెండవ కొనను బాలాస్టు ప్లస్సు తీగకు తాకిస్తే, ఆ దారిలో పోయే వోల్టులు నేరుగా కనిపిస్తాయి. తరువాత బ్యాటరీ మైనస్సుకూ బాలాస్టు మైనస్సుకూ మధ్య ఇట్లాగే. అర వోల్టు మించి వస్తే మీటరు కొనను ఒక్కొక్క కూడలికి జరుపుకుంటూ పోవాలి. అంకె ఎక్కడ హఠాత్తుగా మారితే దోషం అక్కడే. హైస్కూలు ప్రయోగశాలలో ఒక బ్యాటరీ, పొడవాటి సన్నని తీగ, బల్బు వుంటే ఈ కొలతను విద్యార్థులచేత చేయించవచ్చు.

దీనికి మందు పాతదే: రిలే. 1830 దశకంలో జోసెఫ్ హెన్రీ ప్రయోగాలలో పుట్టిన ఈ సాధనం, దూరం నడిచి నీరసించిన టెలిగ్రాఫ్ ప్రవాహంచేత దగ్గరి బ్యాటరీని పలికించడానికి ఉపయోగపడింది. లారీలోనూ అదే పని. పాత స్విచ్చి తీగ రిలే చుట్టను మాత్రం మేల్కొలుపుతుంది. దీపానికి ప్రవాహం బ్యాటరీనుండి మందపు తీగ మీదుగా, బ్యాటరీ దగ్గరే వుంచిన ఫ్యూజుగుండా వస్తుంది. ఎర్తుకు కూడ విడి తీగ వేస్తేనే పని పూర్తి. 24 వోల్టుల లారీకి 12 వోల్టుల రిలే తగిలించి చుట్ట కాల్చుకోవడం తరచు జరిగేదే.

మరి రెండు చిక్కులు వున్నవి. ఫిలమెంటుకు ప్లస్సు, మైనస్సుల పట్టింపు లేదు; ఎటు కలిపినా వెలుగుతుంది. బాలాస్టుకు వున్నది. కొన్ని బండ్లలో ప్లస్సు ఎప్పుడూ దీపం వద్దే వుండి, స్విచ్చి ఎర్తును కలుపుతుంది. అట్టి బండిలో కొత్త దీపాల తీగకట్టను ఆలోచించకుండా తగిలిస్తే అసలు వెలగదు. రెండవది, 12 వోల్టుల దీపాలు చవకగా దొరికాయని రెండు బ్యాటరీలలో ఒక్కదానినుండి మాత్రమే తీగ తీయడం. ఆ బ్యాటరీ నానాటికీ ఖాళీ అవుతుంది, రెండవది మితిమీరి నిండి ఉడుకుతుంది. దీపం బాగానే వెలుగుతుంది. ఒకనాటి వేకువన ఇంజను మాత్రం లేవదు.

తీగలన్నీ చక్కబడ్డాక మిగిలే ప్రశ్న కాంతిశాస్త్రానికి చెందినది, తీగలకన్న బరువైనది. హెచ్-4 బల్బులో డిప్పరు ఫిలమెంటు క్రింద చిన్న లోహపు దోనె వుంటుంది. పైకిపోయే కాంతిని అది అడ్డుతుంది. దీపం వెనుకనున్న అద్దం వంపును ఆ ఫిలమెంటు స్థానాన్నిబట్టి లెక్కకట్టి చేశారు. జినాన్ ఆర్కు ఆకారం వేరు, స్థానం వేరు. ఆ అద్దంలో దీన్ని వుంచితే కాంతి చెదిరి ఎదుటివాని కళ్లలో పడుతుంది. ఐరోపా నిబంధనలు 2,000 ల్యూమెన్లు మించిన డిప్పరు దీపాలకు తమంత తామే ఎత్తు సరిచేసుకునే ఏర్పాటు, అద్దం కడిగే ఏర్పాటు వుండాలని విధించినది ఇందుకే. మనదేశంలో 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 106వది, దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున కన్ను వుంచినవానికి మిరుమిట్లు గొలపరాదంటున్నది. 1988 చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్ణయించిన లక్షణాలకు భిన్నంగా బండిని మార్చరాదంటున్నది. ఒకప్పుడు లారీ దీపాల అద్దం మీద నల్లరంగు పూయించడం ఈ మిరుమిట్ల భయంతోనే. ఎర్రగుంట్ల దారిలో ఎదురువచ్చే సైకిలువానికి లారీ తీగ ఎంత మందమైనదో తెలియదు. కన్ను చీకట్లు కమ్మి మార్జిన్ కనిపించక దిగిపోవడం మాత్రమే అతనికి తెలుసు.

2007లో జపాను లెక్సస్ కారు డిప్పరుకు ఎల్.ఇ.డి. దీపాలు వాడిన తరువాత జినాన్ క్రమంగా వెనుకబట్టింది. ఇప్పుడు బజారులో హెచ్-4 హోల్డరులో పట్టే ఎల్.ఇ.డి. బల్బులు విరివిగా దొరుకుతున్నవి. అందులో ఇరవైవేల వోల్టులు లేవు, ఆర్కు లేదు. కాని దానిలోపల కూడ ప్రవాహాన్ని నిలకడగా వుంచే చిన్న సర్క్యూటు వున్నది. చిలుము పట్టిన అదే పాత హోల్డరులో గుచ్చితే అదికూడ మిణుకుమిణుకుమంటుంది, మెకానిక్కు ముందుగా బల్బే మారుస్తాడు.